ఒక్క చుక్కా కింద పడని పాఠం

ఉపాధ్యాయులు తమ కోపతాపాలనూ దుఃఖాలనూ బడి గేటు బయటే విడిచి రావాలని ఉత్తర్వు వచ్చింది. విడిచినవి సాయంత్రం తిరిగి తీసుకోవచ్చో లేదో అందులో లేదు. ఎట్లా విడవాలో శిక్షణ మాత్రం ఇచ్చారు. స్టాఫ్ రూము తలుపుకు మార్కాపురం పలక వేలాడదీశారు. ఆనందం, ఉత్సాహం, శాంతం: వీటిలో తమకున్నదేదో దాని మీద రాసి తరగతికి పోవాలి. లెక్కల నరేష్ సారు రోజూ "ఉత్సాహం" అని రాసి, బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవాడు.

కొమరోలు మండలంలోని ఆ బడిలో చిక్కంతా తెలుగు చెప్పే మురళీకృష్ణతోనే. లెక్కలకు కన్నీళ్లు అక్కర్లేదు. ఈయనకు పదో తరగతిలో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాఠం ఒకటుంది. ఏటా అక్కడికొచ్చేసరికి ఏడ్చేసేవాడు. పిల్లలు కొత్త సినిమాకు చూసినట్టు ఆ రోజుకోసం ఎదురుచూసేవారు. ఆ ఏడుపు ఆయన సొంతమూ కాదు. చిన్నప్పుడు తనకు అదే పాఠం ఏడుస్తూ చెప్పిన అంకన్న సారు దగ్గర నేర్చుకున్నది.

తనిఖీ సరిగ్గా ఆ పాఠం రోజునే పడింది.

"ఈ ఒక్కరోజు ఏడ్వొద్దు సార్. మెమో ఇస్తారంట," అంది హెడ్మిస్ట్రెస్ ఎలీషబా.

"పాఠమే అట్లాంటిది మేడమ్."

"పాఠం ఏడ్చుకోనీ. మీరు నవ్వండి."

ఆయన "శాంతం" అని రాసి, శిక్షణలో చెప్పినట్టు నాలుకను అంగిట్లో నొక్కిపట్టి, పెదవులు సాగదీసి పాఠం చెప్పాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. ముందు బెంచీలో జాహ్నవి లేచింది.

"బిడ్డ సచ్చిపోయినాడు కద సార్, మీరేంది నవ్వుతాండారు?"

తనిఖీ అధికారి ఆ పిల్లను కూర్చోబెట్టి ప్రసంగించారు. "దుఃఖాన్ని ఇంత పరిశుభ్రంగా బోధించినవారిని నా సర్వీసులో చూడలేదు. ఒక్క చుక్క కింద పడిందా, గమనించారా?" అని శాలువా కప్పారు.

ఆ సాయంత్రమే గిద్దలూరులో అంకన్న సారు పోయాడని ఫోను వచ్చింది. మురళీకృష్ణ శాలువా సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా సారు గొంతునూ, కండువాతో ముక్కు తుడుచుకోవడాన్నీ గుర్తుచేసుకున్నాడు. ఒక్క చుక్కా రాలేదు. శవం ముందు నిలబడ్డా పెదవులు సాగినవి సాగినట్టే ఉన్నాయి. పట్టుబడిపోతాననుకున్నాడు. భయంభయంగా తలెత్తాడు. సారు శిష్యులంతా వచ్చి ఉన్నారు. అందరి ముఖాల్లోనూ శాంతం. అందరి తలలూ ఫోన్లలో.

పాత క్లాస్‌మేట్ మాలకొండయ్య మోచేత్తో పొడిచాడు.

"ఏందిరా, గ్రూపులో అందరం ఏడ్పు బొమ్మలు పెట్టినాం. నువ్వొకనివే పెట్టలే. బాగుండదురా."

మురళీకృష్ణకు ప్రాణం లేచొచ్చింది. ఫోను తీసి వరుసగా ఒత్తాడు. ఏ శిక్షణకూ పోకుండానే ఇంత నేర్చుకున్న ఆ జనం మీద ఆయనకు గొప్ప గౌరవం కలిగింది. అక్కడికక్కడే సన్మానం చేద్దామనుకున్నాడు గానీ, శాలువా ఒక్కటే ఉంది.