గంటకోసారి ఆగే బస్సు

ఆ ఉదయం టైలరమ్మ వేసుకున్న పథకం చిన్నదే. టూరు బస్సెక్కాలి, కిటికీ పక్కన కూర్చోవాలి, పొద్దుగూకేలోగా సముద్రం చూడాలి. ఏళ్ల తరబడి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాక ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే. ఆ మధ్య ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టింది. ఆర్నెల్ల మందుల తరువాత డాక్టరమ్మ కాలు నొక్కి చూసి, "నిక్షేపంగా వెళ్లి రండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి, నీళ్లు తాగండి, బిగుతు మేజోళ్లు విప్పకండి, మాత్ర మానకండి" అంది.

ఆ మాటలు భర్త చెవిన పడకుండా ఉండాల్సింది. ఆయన మిల్లులో టైమ్ కీపరుగా రిటైరయ్యారు. ఒకప్పుడు ఆరువందల మంది నిమిషాలకు కాపలా కాసిన మనిషికి ఇప్పుడు మిగిలింది ఒక్క ప్రాణి.

"నువ్వు లేచి నడవాలిగా, దారి పక్క సీటు నీది" అని కిటికీ సీటు ఆయనే ఆక్రమించారు. ఎండ తగలకూడదని తెర కూడా లాగేశారు.

"కాస్త తెర తియ్యండి, బయట చూస్తాను."

"బయటేముంది, రోడ్డేగా! నీళ్లు తాగు."

పావుగంటకో గ్లాసు తాగించారు. సరిగ్గా గంట కాగానే జేబులోంచి విజిల్ తీసి ఊదారు. పోలీసులనుకుని డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"బస్సులోనే అటూ ఇటూ నడుస్తానండీ" అని ఆమె మొత్తుకుంది.

"అదీ ఒక నడకేనా? నేల మీద నడవాలి!"

గొణుగుతున్న ప్రయాణికులకు ఆయన లేచి నిలబడి వివరించారు. "మా ఆవిడ కాల్లో గడ్డ కట్టిందండీ. ఎప్పుడేమవుతుందో చెప్పలేం." ఆ వార్త వెనక సీట్లకు చేరేసరికి ఆమె గుండె ఆగిపోబోతోంది. ఎవరో కళ్లు తుడుచుకున్నారు. ఎవరో చివరి పొడుగు సీటు ఖాళీ చేసిచ్చారు. ఆయన అక్కడ దిండ్లు పేర్చి, దుప్పటి కప్పి, పడక సిద్ధం చేశారు. ఆమె అటు వెళ్లనంది. ఈలోగా ఒక రిటైర్డు హెడ్మాస్టరు డ్రైవరును గదమాయించి బస్సును ఆస్పత్రికి మళ్లించాడు.

అక్కడి డాక్టరు ఆమెను పరీక్షించి, "ఈవిడ బాగానే ఉన్నారు. మీ బీపీ చూడమంటారా?" అని భర్తను అడిగాడు. గంటన్నర గాలికి పోయింది.

బస్సు కదలగానే గైడు మైకు అందుకున్నాడు. "డీజిలుకు ఐదు నిమిషాలాగుతాం. అంతకు మించి ఎక్కడాగినా సముద్రం లేదు, నేరుగా హోటలుకే." అందరూ ఆమె వైపు తిరిగారు. ఎవరూ తిట్టలేదు, జాలిపడ్డారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లుగా కాలెలా ఉందని అడిగినవాళ్లే గానీ, నీకేం కావాలని అడిగినవాళ్లు లేరు.

బంకులో ఎవరూ దిగొద్దన్నా టైమ్ కీపరుగారు దిగారు. ఎక్కడాగినా ముందు ఆయన మరుగుదొడ్డి చూసొచ్చి, శుభ్రంగా ఉంటేనే ఆమెను దిగనిస్తారు. "కదలకు, ఇప్పుడే వస్తా" అని వెళ్లారు.

గైడు తలలు లెక్కపెట్టాడు. ఒకటి తగ్గింది. "మీ ఆయన ఎక్కారా అమ్మా?"

ఆమె తెర తీసింది. బంకు వెనక ఆయన ఒక పనివాడి చేత బకెట్టు తెప్పించి, చీపురెలా పట్టాలో నేర్పుతున్నారు. ఆ పాఠం అరగంటకు తక్కువ ఉండదని ఆయనతో కాపురం చేసిన మనిషికి తెలుసు.

"ఎక్కేశారు బాబూ. వెనక పడుకున్నారు."

దుప్పటి కింద ఎత్తుగా ఉన్న దిండ్లను చూసి గైడు బతుకుజీవుడా అనుకున్నాడు. లేపే సాహసం చెయ్యలేదు.

ఆమె కిటికీ పక్కకు జరిగింది. గంటకోసారి లేచి బస్సులోనే నడిచింది, మడమలు ఆడించింది, దాహమైనన్ని నీళ్లు తాగింది. సముద్రం దగ్గర ఇంకా వెలుగుంది. మేజోళ్లతో సహా నీళ్లలోకి దిగి, ఏడుపొచ్చేంత సంతోషంగా నిలబడింది.

కాసేపటికి టైమ్ కీపరుగారు కూరగాయల వ్యానులో దిగారు. ఆమె తిట్లకు సిద్ధపడింది. ఆయన సరాసరి గైడు మీదికి వెళ్లారు.

"నన్నొదిలేసి బస్సు పోనిస్తావా? నేను పక్కన లేకపోతే ఆవిడ గంట కూడా బతకదయ్యా!"

గైడు ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "తప్పయింది సార్" అన్నాడతను.

"ఎంత భయపడ్డావో పాపం!" అని ఆయన ఆమె చెయ్యి పట్టుకుని బస్సు వైపు లాక్కెళ్లారు. సముద్రం ఎలా ఉందని మాత్రం అడగలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో తలలు లెక్కపెట్టే పని ఆమె గైడు దగ్గర అడిగి పుచ్చుకుంది.