తెల్లగిన్నెపై మిత్సుయో దండయాత్ర

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, చెవులిటు పెట్టండి. సముద్రపు చలిగాలి నారింజచెట్లను గడగడలాడిస్తున్న జపాను దేశపు హగీ పట్నంలో, శీతకాలాంత ప్రభాతాన, మిసోచారు-నిర్మాణ-ధురంధర, ఊరగాయముల్లంగి-ఖండన-ప్రచండ, అసత్యైక-శరణ అయిన మిత్సుయో అమ్మగారు వంటింట సమరసన్నద్ధురాలై నిలిచింది.

శత్రువెవరంటారా? అన్నం గిన్నె. ఆడపడుచు సాతోకో స్వహస్తాలతో మట్టి మలిచి, ఆవంలో కాల్చి ఇచ్చింది. పగులుతుందన్న భయంతో మిత్సుయో దాన్ని పదకొండేళ్లుగా చెక్కపెట్టెలో దాచి, తాను ప్లాస్టిక్ గిన్నెలో తింటూ, ఫోన్ వచ్చినప్పుడల్లా "నీ గిన్నెలోనేనే, రోజూ అన్నంలో టీ పోసుకుని తింటున్నా" అని కోతలు కోసేది. ఆ ఊరి మట్టికో గుణముంది: వాడేకొద్దీ టీ సన్నని పగుళ్లలోకి దిగి, ఏటేటా రంగు తిరుగుతుంది. ఆ మధ్యాహ్నమే సాతోకో భోజనానికొస్తోంది. గిన్నె చూస్తే పాలతెలుపు!

"ఓసి ధవళగాత్రీ!" అని గర్జించింది మిత్సుయో. "పదకొండేళ్లు పట్టుగుడ్డలో పవళింపజేసిన నన్నే పరాభవిస్తావా? ఈ ఒక్క పూటలో వార్ధక్యం వహించవే!"

మూడు కెటిళ్ల చిక్కటి టీ గిన్నెపై శరపరంపరగా కురిసింది. గిన్నె మౌనంగా తాగింది, తాగినదంతా అడుగునుంచి మెల్లగా కార్చింది. బల్ల తడిసింది, చాప తడిసింది, వీరనారి మేజోళ్లూ తడిశాయి. గిన్నె మాత్రం తెలుపే.

"వదినా, వచ్చేశా!" అంటూ లోపలికొచ్చిన సాతోకో బల్లను చూసింది, గిన్నెను తిరగేసి చూసింది. "రోజూ తినే గిన్నె ఇంకా పసిపాపలా ఉందేం?"

"నేను... చాలా సుతారంగా తింటాలే."

సాతోకో పగలబడి నవ్వింది. "నిజంగా వాడి ఉంటే రంధ్రాలు పూడి కారడం ఎప్పుడో మానేసేది, వదినా!" అంతలోనే నవ్వు తగ్గింది. "పెట్టెలో పెట్టుకోడానికా నేనింత కష్టపడి చేసింది?"

మిత్సుయో తల దించుకుంది. "పగిలిపోతుందని భయమేసిందే."

"పగిలితే ఇంకోటి చేస్తా. నేనున్నాగా. ఆకలేస్తోంది, ముందు అన్నం పెట్టు."

మిత్సుయో ఆ గిన్నెలోనే వేడన్నం వేసి, ఉప్పులో ఊరిన పుల్లపండొకటి పెట్టి, పైన టీ పోసి, రెండు చేతులా పట్టుకుంది. మట్టి వెచ్చదనం అరచేతుల్లోకి దిగింది. "అయ్యో, పిచ్చిమొహాన్ని. పదకొండేళ్లు!" అనుకుంటూ అడుగున చుక్కలు కారుతున్నా కడదాకా తినేసింది.

కడిగి చూస్తే లోపలి అంచున, వెంట్రుకంత సన్నగా, గోధుమరంగు గీత ఒక్కటి! దిక్కులు పిక్కటిల్లేలా మిత్సుయో కేకేసింది: "సాతోకో, మారిందే! రంగు మారిందే!"

విజయం, దిగ్విజయం! ఈ కథ మరిచిపోకండమ్మా. నలుగురికీ చెప్పండి, మంచి గిన్నెలు పెట్టెల్లో దాచుకున్నవాళ్లకి అందరికంటే ముందు చెప్పండి.