చిల్లు పోను మిగిలిన విలువ

చింతవాగు మద్దేడు అంగడిని ముంచిన ఏడు, బస్తరు రాజ్యంలో అపురూపమైన బంగారు కాసు విలువ ఎంతన్నది శాశ్వతంగా తేలిపోయింది. తేల్చేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. (నన్నెవరూ అడగలేదు.)

ఆ వరద నా రెండెడ్లలో ఒకదాన్ని తీసుకుపోయి, కోసుకుపోయిన మా చేని గట్టులో ఒక బంగారు కాసును వదిలిపెట్టింది. వాగు లెక్క న్యాయంగానే ఉంది. దుక్కి అదును దాటకముందే కాసు అమ్మి ఎద్దును కొనాలి. అయితే నేలలో దొరికిన బంగారాన్ని కచేరీలో చూపించనిదే అమ్మరాదు.

మా వైపు కాసు చేతికొస్తే ముందు చిల్లు పెట్టి మెడలో కట్టుకుంటాం. చిల్లు లేని కాసు ఎప్పటికైనా జారిపోయేదే. అందుకని నా భార్య సోమక్క ఉంగ అనే కమ్మరితో చిల్లు కొట్టించి, తాడు ఎక్కించి నా మెడలో వేసింది. ఇద్దరం కచేరీకి నడిచాం.

అక్కడ అపురూప నాణేలకు విలువ కట్టే అధికారి ఉన్నాడు. (అంతకుముందు ఆయన దేనికీ విలువ కట్టలేదు. అపురూప నాణేలు అపురూపంగా వస్తాయి.) కాసు మీది ఏనుగు బొమ్మ చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇసొంటిది ఇంకోటి ఉన్నదా?"

"లేదు సాబ్" అన్నాను.

"మరి దేనితోటి పోల్చి ధర కట్టాలె?"

"ఇంకోటి దొరికితే కడతవా బాబూ?" అంది సోమక్క.

"దొరికితే ఇది అపురూపం ఎట్లయితదమ్మా? దీని ధర పడిపోతది. ఇంకోటి దొరక్కుండ చూసుకునుడు మీ జిమ్మేదారి."

నేను తల ఊపాను. అప్పుడాయనకు చిల్లు కనబడింది.

"ఈ చిల్లుల ఉండాల్సిన బంగారమేది?"

"చిల్లుల ఏముంటది బాబూ? చిల్లే ఉంటది."

"అది సర్కారు బంగారం."

తర్వాత తీర్పు చెప్పాడు. నేలలోని బంగారం రాజుగారిది. అపురూపమైనదైతే మరీ రాజుగారిది. తెచ్చినవాడికి ఇనాం ఉంటుంది. అంగడిలో అడవి నుంచి తెచ్చిన చారపప్పుకు బదులు ఉప్పు ఇస్తున్నారు గనుక కాసుకూ అదే పద్ధతి. నా చేతిలో దొప్పెడు ఉప్పు పెట్టించాడు. ఆ ఉప్పులో వేలు గుచ్చి, సరిగ్గా చిల్లంత ఉప్పును వెనక్కి తీసుకున్నాడు. (తప్పు ఎవరిదైనా, తూకం తూకమే.)

"మరి ఎద్దు సంగతేంది సాబ్?" అన్నాను.

"ఎద్దులు ఊరంత ఉన్నయి గదయ్యా. నేను అపురూపమైనవే చూస్త."

దారిలో సోమక్క నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంటికాడ ఒక ఎద్దున్నది. నువ్వున్నవు. మాట్లాడవు, మేత అడగవు. జోడు కుదిరింది, నడువు."

మర్నాడు పొద్దున్నే కాడి ఒక కొన ఎద్దు మెడ మీద, రెండో కొన నా భుజం మీద పెట్టుకున్నాను. సోమక్క వెనక మేడి పట్టింది. గట్టు దాకా పోయి తిరిగొస్తుంటే, అప్పుడే దున్నిన మట్టిలో, నా కాళ్ల ముందు ఒక కాసు మెరిసింది. అదే ఏనుగు.

"ఆగినవేంది? ఎద్దు నడుస్తనే ఉన్నది గద!" అంది సోమక్క.

"ఏం లేదు" అన్నాను.

సర్కారువారి కాసు ధర పడిపోకుండా కాలితో మట్టి కప్పి, కాడి లాగాను.