ఫైలు పట్టుకొచ్చిన మనిషి

ఒక్క నిమిషం ఆగండి, నవీద్ సంగతి విని వెళ్లండి!

పురానాపూల్ దగ్గర ఓ సందులో, రెండో అంతస్తులో నవీద్‌కు రెండు గదుల ఇల్లుంది. ఉద్యోగం పోయి అయిదు నెలలైంది. ఇంటి లోన్‌ను తక్కువ వడ్డీకి ఇంకో బ్యాంకుకు మార్చి తీరాలని పంతం పట్టాడు. ఆరు బ్యాంకులు కాదన్నాయి. ఏడో బ్యాంకు మాత్రం అతని భార్య, స్కూల్ టీచర్ యాస్మీన్ జీతం చూసి సరేనంది. ఇక మిగిలింది ఒక్కటే. బ్యాంకు మనిషి వచ్చినప్పుడు, నవీద్ ఆ ఇంట్లోనే ఉంటున్నాడని ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం పెట్టాలి. పెట్టలేదా, పాత వడ్డీ కట్టలేక ఇల్లు అమ్ముకోవడమే.

"పదింటికొస్తడట. ఇయ్యాల గడప దాటకు," అని చెప్పి యాస్మీన్ బడికి వెళ్లింది.

"దాటితే అడుగు!" అని నవీద్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో బిగుసుకు కూర్చున్నాడు.

ఒక్క విషయం మాత్రం మరిచిపోయాడు. పోయిన నెల ఒక కిస్తు తప్పినప్పుడు, పాత బ్యాంకు వసూలు మనుషులకు భయపడి సందంతా తిరిగి తనే చెప్పాడు. "ఫైలు పట్టుకొని ఎవడన్నా అడిగితే నేను లేనని చెప్పుండ్రి!"

పదింటికి, ఫైలు చంకన పెట్టుకుని కొత్త బ్యాంకు ప్రేమ్‌రాజ్ వచ్చాడు. సందు మొదట్లో చాయ్ హోటల్ యూనుస్ భాయ్‌ని అడిగాడు.

"నవీదా? గా పేరుతోని ఈ గల్లీల ఎవ్వరు లేరు సాబ్."

నవీద్ ఎదురింటి అన్వరీ బేగం అంతటితో ఆగలేదు. "ఉండె బేటా. దుబాయ్ పోయిండు. ఇల్లు గూడ అమ్మేసిండు."

ప్రేమ్‌రాజ్ రెండూ రాసుకుని బండి స్టార్ట్ చేశాడు. పైనుంచి చూసిన నవీద్ చెప్పుల్లేకుండా మెట్లన్నీ దూకి బండికి అడ్డం పడ్డాడు.

"సార్, నేనే నవీద్‌ను!"

"దుబాయ్‌ల ఉన్నవంటున్నరు గదా?"

నవీద్ అతని చెయ్యి పట్టి హోటల్ దగ్గరికి లాక్కొచ్చాడు. ఫైలు మనిషి పక్కన నవీద్! పాపం దొరికిపోయాడనుకున్నాడు యూనుస్ భాయ్.

"సాబ్, ఈడు నవీద్ కాదు, నా సాలా, మా బేగం తమ్ముడు అయాన్!"

"భాయ్, నిజం చెప్పు!"

"డరో మత్ బేటా, మేమున్నం," అని యూనుస్ భాయ్ కన్ను కొట్టాడు. నవీద్ ఆధార్ కార్డు తీశాడు.

"గిట్లాంటి కార్డులు ఎన్నన్న చేయించొచ్చు," అంది వాళ్ల వెనకే హోటల్ దాకా వచ్చిన అన్వరీ బేగం, కార్డు వైపు చూడకుండానే.

'ఈ చిరునామాలో లేడు' అని ప్రేమ్‌రాజ్ రాయబోయాడు. నవీద్‌ను పట్టుకుపోవడానికే రాస్తున్నాడనుకుని అన్వరీ బేగంకు ఒళ్లు మండింది.

"ఏం రాస్తున్నవ్? ఎనిమిదేండ్ల సంది ఆ పైనింట్ల నా కండ్ల ముందట ఉన్నడు! నౌకరీ పోయినా పొద్దుగాల లేచి పెండ్లానికి డబ్బా కడ్తడు, నాకు నీళ్లు మోస్తడు. గసుంటి నవీద్‌ను తోల్కపోతే ఊకుంటమా?"

అని నాలుక కరుచుకుంది.

"ఎనిమిదేండ్లా అమ్మా? ఆ పైనింట్లనేనా? గదే గావాలె నాకు," అని ప్రేమ్‌రాజ్ పెన్ను ఆమెకే అందించాడు. సంగతి తెలిశాక యూనుస్ భాయ్ కూడా తల వంచుకుని సంతకం పెట్టాడు.

నవీద్ అందరికీ చాయ్ తాగించి, గట్టిగా చెప్పాడు. "ఇగ నుంచి ఫైలు పట్టుకొని ఎవలొచ్చినా నిజమే చెప్పుండ్రి. నా ఇంటి దాంక తోల్కరాండ్రి!"

మర్నాడు పొద్దున్నే, తప్పిన ఆ కిస్తు కోసం పాత బ్యాంకు మనిషి ఫైలుతో దిగాడు. యూనుస్ భాయ్ అతనికి చాయ్ పోశాడు. అన్వరీ బేగం మోకాళ్ల నొప్పులతోనే ముందు నడిచి, రెండంతస్తులు ఎక్కి తలుపు కొట్టింది.

"నవీద్ బేటా! సాబ్ వచ్చిండు. ఈసారి అన్నీ నిజాలే చెప్పినం!"

లోపల నవీద్ చెయ్యి గడియ మీదే ఉంది. మీరైతే తీస్తారా?