డెలియా గారి చారిత్రక బకెట్

ఇల్లు కారుతోందని ఏడ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కారే ఇల్లంటే ఏమనుకుంటున్నారండీ? అది చరిత్ర! కారని ఇల్లు ఎవడైనా కట్టుకుంటాడు. నూట ఎనభై ఏళ్ళ ఇంట్లో కూర్చుని, ముత్తాతల నెత్తిన పడ్డ చోటే వాన మన నెత్తిన కూడా పడాలంటే పెట్టి పుట్టాలి.

అలా పెట్టి పుట్టినావిడ మా కౌంటీలో ఒకరున్నారు. కౌంటీ పేరు మాత్రం అడక్కండి. ఐర్లండ్‌లో ఆవులకంటే బోర్డులు ఎక్కువున్న కౌంటీ అనుకోండి, చాలు. మా ఊరు డ్రమ్‌లారిన్‌లో స్కూలు మూతపడింది, 'ఇక్కడ ఒకప్పుడు స్కూలుండేది' అని బోర్డు వచ్చింది. పోస్టాఫీసు మూతపడింది, ఇంకా పెద్ద బోర్డు వచ్చింది. రైలు ఆగిపోయి అరవై ఏళ్ళయింది. స్టేషన్ దగ్గర ఇప్పుడు మూడు భాషల్లో దాని చరిత్ర ఉంది. రైలు నడిచిన రోజుల్లో అది ఎన్నింటికొస్తుందో చెప్పే దిక్కు ఒక్క భాషలోనూ లేదట! పోయినవాటిని ఇంత ప్రేమగా చూసుకునే ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉందా?

సరే, డెలియా గిల్రేన్ సంగతికొస్తాను. ఎనభై ఒకటో ఏడు. ఒంటరి మనిషి. మూడు గదుల పూరిల్లు. 1840ల నాటి పెద్ద కరువు రోజుల్లో కూడా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదని చెబుతారు. ఆ పొయ్యి గురించి ఇదే కాలమ్‌లో నేను కన్నీళ్ళు పెట్టుకుని మరీ రాశాను. నేను వారసత్వ కమిటీ కార్యదర్శిని కూడాను. నా రాత చదివి కమిటీ కదిలింది. కమిటీని చూసి కౌన్సిల్ కదిలింది. పాపం, కౌన్సిల్ కదలడం ఏడాదికోసారే. డెలియా ఇల్లు రక్షిత కట్టడమైపోయింది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ముఖ్యంగా డెలియా.

ఈ సంగతి చెప్పడానికి వారసత్వ అధికారి డెర్విలా వెళ్ళింది. చదువుకున్న పిల్ల, మంచి పిల్ల. తోడుగా నేనూ వెళ్ళాను.

"మంచం మీద వాన పడుతోందమ్మాయ్. రెండు రేకులు వేయించుకుంటాను" అంది డెలియా.

"రేకులా! డెలియా గారూ, ఈ కప్పు మన జాతి సంపదండీ!" అంది డెర్విలా.

"అయితే ఆ జాతిని వచ్చి నా మంచం మీద ఒక్కపూట పడుకోమను."

రేకులు కుదరవు. రై అనే ధాన్యపు గడ్డితో పాత పద్ధతిలోనే నేయాలి. అలా నేసేవాడు మూడు కౌంటీలకీ ఒక్కడే, అతని కోసం వరుస నాలుగేళ్ళు. పోనీ అందాకా టార్పాలిన్ కప్పుకుందామంటే, అది నీలం రంగు. కరువు రోజుల్లో నీలం టార్పాలిన్లు ఉండేవా? చరిత్రకి మచ్చ కాదూ!

కనక డెలియా మంచం పక్కన బకెట్ పెట్టుకుంది. వాళ్ళమ్మ పాలు పితికిన ఇనప బకెట్. అందులో ఎంత ఆరోగ్యముందో ఆలోచించండి! ముసలివాళ్ళు నడవాలని డాక్టర్లు చెబుతారు. రెండు గంటలకోసారి బకెట్ పారబోసి రావడం నడక కాదా? అన్నట్టు, మా ఊళ్ళో డాక్టరు లేడు. ఆయన ఒకప్పుడు ఉన్నచోట కూడా బోర్డుంది.

ఒంటరితనం తీరింది కూడా! కిటికీలోంచి రోజూ టూరిస్టులు తొంగిచూసేవాళ్ళు. ఒకరోజు డెలియా గుడ్డు తింటుంటే ఒకావిడ తిన్నగా లోపలికొచ్చి, "అబ్బ, ఈ ముసలమ్మ బొమ్మ ఎంత బాగా చేశారో!" అంది.

డెలియా నోట్లోది మింగి, "టీ తాగుతావా?" అని అడిగింది. ఆవిడ కెవ్వుమని గేటు దాకా పరిగెత్తింది.

మూడో చలికాలానికి డెలియా ఊపిరితిత్తులకి చెమ్మ పట్టింది. కౌన్సిల్ దయతలచి టౌన్లో మేడమీద ఫ్లాట్ ఇచ్చింది. నవంబర్లో ఆవిడ ఇల్లు ఖాళీ చేసింది. సరిగ్గా పదిహేనో రోజున ఇల్లు నేసేవాడు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని దిగాడు! నాలుగేళ్ళ వరుస ఏమైందని అడక్కండి. మనుషులున్న ఇళ్ళ వరుస వేరు, లేని ఇళ్ళ వరుస వేరు. ఈస్టర్ నాటికి కప్పు బంగారంలా మెరిసింది. చెమ్మకి గోడలు పాడవుతాయని నేల కింద వేడినీళ్ళ గొట్టాలు కూడా వేశారు.

మ్యూజియంగా మారిన ఆ ఇంటి ప్రారంభోత్సవానికి హామ్ శాండ్‌విచ్‌లు, టీ, నా ఉపన్యాసం. డెలియా ముఖ్య అతిథి. బయట వాన దంచుతోంది, లోపల ఒక్క చుక్క లేదు. ఆవిడ కప్పు వైపు చాలాసేపు చూసింది. కాలితో నేలని తడిమి, వెచ్చగా ఉందని తెలుసుకుంది. తిన్నగా మంచం దగ్గరికెళ్ళి, అడ్డంగా కట్టిన తాడెత్తి, బకెట్ పట్టుకుంది.

"అయ్యో, ముట్టుకోకూడదండీ! అది ప్రదర్శన వస్తువు" అంటూ డెర్విలా పరిగెత్తుకొచ్చింది.

"మా అమ్మ బకెట్ పిల్లా ఇది."

"తెలుసండీ. కార్డు మీద రాశాం."

"కార్డు నువ్వుంచుకో. బకెట్ నాకియ్యి. ఆ ఫ్లాట్‌లో వంటిల్లు కారుతోంది."

అందరూ నావైపు చూశారు. కార్యదర్శిని కదా! చేతిలో శాండ్‌విచ్ ప్లేటులో పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఇంటిని ముట్టుకోకూడదని కమిటీలో అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

బకెట్ ఇవ్వలేదు లెండి. రూల్స్ ఒప్పుకోవు. రెండు కాపీలు దరఖాస్తు పెట్టుకోమన్నారు. అందాకా డెలియా బంగాళాదుంపలు ఉడికించుకునే గిన్నెని కారేచోట పెట్టింది. వాన పడ్డ రోజున బ్రెడ్డు తింటోంది. మా కౌంటీలో వాన పడని రోజేది?

అందుకని, పాఠక మహాశయులారా, వచ్చే మీటింగ్‌లో నేనొక తీర్మానం పెడుతున్నాను. ఆ ఫ్లాట్‌ని కూడా రక్షిత కట్టడంగా ప్రకటించాలి! కట్టి పదకొండేళ్ళే కదా అంటారేమో. కారడంలో అప్పుడే దానికి పెద్ద చరిత్రుంది. ప్రకటిస్తే ఏమవుతుంది? డెలియాని ఇంకెక్కడికో పంపిస్తారు. ఆవిడ గడప దాటిన పదిహేనో రోజున ఆ కప్పు కూడా బాగైపోతుంది.

ఇక మిగిలేది చిన్న పని. బాగైన కప్పు కిందే డెలియాని ఉండనివ్వడం. దానికి మాత్రం మా దగ్గర ఫారం లేదు.