ప్లస్ లేని ఆసుపత్రి

తమ కంటి ఆసుపత్రిలో ఇకపై ఎదురుచూపు అనేది ఉండబోదని సూపరింటెండెంటు గారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. పదకొండుంపావుకల్లా లేకుండా పోయింది. ఆ భవనంలో ఒక పని ఇంత చురుగ్గా జరగడం అదే మొదటిసారి కాబట్టి, ఎలా జరిగిందో చెప్పుకోవాలి.

ఆ పావుగంట పని చేసింది రెండో అంతస్తులో కూర్చునే లెక్కలమ్మాయి. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పేరు నమోదైన నాటి నుంచి శుక్లాల ఆపరేషన్ దాకా ఎన్ని రోజులు పట్టిందో సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఆపరేషన్ అయితే పక్కన ఒకటి వేయాలి, కాకపోతే సున్నా. సున్నా వేసినవాళ్ల రోజుల పక్కన సాఫ్ట్‌వేర్ ఒక ప్లస్ పెడుతుంది. తొంభై అంటే తొంభయ్యో రోజున అయిపోయిందని. తొంభై ప్లస్ అంటే తొంభై రోజులూ గడిచాయి, ఇంకా కాలేదు, ఎప్పుడవుతుందో ఎవరికీ తెలీదని. ఇంత పెద్ద మాటని అంత చిన్న గుర్తులో పెట్టిన సాఫ్ట్‌వేర్ అంటే ఆమెకి గౌరవం.

ఆ ప్లస్సుల్లో ఒకటి వాళ్లమ్మది. బట్టలు కుట్టే మనిషి. రెండు కళ్లూ మసకబారి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది.

"ఇవాళ్టికి ఎంతయిందే?" అని రోజూ అడిగేది.

"రెండొందల పన్నెండు ప్లస్సమ్మా."

"ఆ ప్లస్సు పోయేదెప్పుడే?"

"నిన్ను పిలిచినప్పుడు."

సోమవారం నాడు నివేదిక చూసి సూపరింటెండెంటు గారు మొహం చిట్లించారు. "ఏంటమ్మాయ్, కాగితం నిండా ఈగలు వాలినట్టు?"

"ఇంకా ఆపరేషన్ కానివాళ్లు సార్."

"తీసెయ్."

"తీస్తే అందరికీ అయిపోయినట్టు వస్తుంది సార్."

"వస్తే రానీ. మంచి జరుగుతానంటే వద్దంటావా?"

పైవాళ్ల మాటకి ఎదురు చెప్పడం ఆమె చదువులో లేదు. పదకొండు వందల నలభై ఆరు సున్నాలను ఒకట్లు చేసింది. వాళ్లమ్మ సున్నాతో సహా. సాయంత్రం అమ్మ అడిగితే అబద్ధమాడకుండా "ప్లస్సు పోయిందమ్మా" అంది. తెల్లారేసరికి అమ్మ రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

ఈలోగా సూపరింటెండెంటు గారికి మరో రహస్యం తెలిసింది. నిన్న పేరు రాయించుకున్నవాడిది ఒకటి ప్లస్. ప్లస్ తీసేస్తే ఒక్క రోజులో ఆపరేషన్! దాంతో నెలాఖరున గేటు ముందు నుంచి పోయే ప్రతి ఒక్కరి పేరూ రాశారు. లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాళ్లు, ఎదురు బ్యాంకు సిబ్బంది, దారి అడగడానికి ఆగిన పెద్దమనిషి, అందరికీ మర్నాటికల్లా శుక్లాలు పోయాయి. సగటు పదకొండు రోజులకు దిగింది. పైనుంచి షీల్డు వచ్చింది. "ఎదురుచూపు రోగం కాదు, కేవలం ఒక గుర్తు. దాన్ని సమూలంగా నిర్మూలించాం!" అని సూపరింటెండెంటు గారు సభలో గద్గద స్వరంతో అన్నారు.

చిన్న ఇబ్బంది ఒక్కటే. ఆపరేషన్‌కి ఎవర్ని పిలవాలో తెలిపే జాబితా సున్నాల్లోంచి తయారవుతుంది. సున్నాలు లేవు. కంటి డాక్టరు రోజూ ఎనిమిదింటికి గ్లవ్స్ తొడుక్కుని, తొమ్మిదింటికి విప్పేసి, పేపర్లో పదకేళి నింపుకునేవాడు.

అమ్మ పిలుపు కోసం చూసి చూసి, తనే కౌంటరు దగ్గరికి వెళ్లింది. నర్సు కంప్యూటర్ చూసి, "మీకు అయిపోయిందండీ," అంది.

"ఏ కంటికమ్మా?"

నర్సు మళ్లీ చూసింది. "రెండింటికీ."

నర్సు అంత నమ్మకంగా చెప్పాక అమ్మ కాదనలేకపోయింది. ఇంటికొచ్చి సూదీ దారం కూతురి చేతికిచ్చి, "అయిపోయిందట. అయినా నువ్వే ఎక్కించాలే తల్లీ," అంది.

లెక్కలమ్మాయి దారం ఎక్కించి ఇచ్చింది. మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చి, అమ్మని వరండాలో కూర్చోబెట్టి, ఒక ఒకటిని సున్నా చేసింది. ఒక్కటంటే ఒక్కటే. జాబితాలో ఒకే పేరు కనబడగానే డాక్టరు పదకేళి పారేసి, వరండాలోకి పరిగెత్తుకొచ్చి మరీ పిలిచాడు. ఆ రోజు కుడి కన్ను, తర్వాతి వారం ఎడమ కన్ను. అమ్మ ఒక్క ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించి, కూతురి మొహం తేరిపార చూసి, "ఇంత చిక్కిపోయావేమే?" అంది. తర్వాత, "మరి మిగతావాళ్లకో?" అనీ అడిగింది.

కూతురు టిఫిన్ డబ్బా తీసుకుని ఆఫీసుకు బయల్దేరింది.

ఆసుపత్రిలో ఇలాంటి విషయాలు దాగవు. మర్నాడు నర్సు వచ్చి, "అక్కా, మా అత్తయ్యకో ప్లస్సు," అంది. తర్వాత వాచ్‌మన్ తన అన్న కోసం వచ్చాడు. శుక్రవారం సూపరింటెండెంటు గారే తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "మా బామ్మర్దికి ఒక్కటి... గుట్టుగా," అన్నారు. ఒకప్పుడు ఊరందరికీ ఊరికే వచ్చిన ప్లస్సుకు ఇప్పుడు సిఫార్సు ఉత్తరం కావాలి. ఎదురుచూస్తున్నవాడిగా లెక్కలోకి ఎక్కడానికే జనం ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపును కొలిచే సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా రాలేదు.

ఎంత అన్యాయమని మీరు పళ్లు కొరుకుతున్నారని తెలుసు. కానీ చదువుతూనే, మీ ఇంట్లో శుక్లాలు ఎవరికున్నాయో ఒకసారి గుర్తు చేసుకున్నారా లేదా? లెక్కలమ్మాయి గది రెండో అంతస్తులో, ఎడమవైపు మూడోది. భోజనాల తర్వాత వెళ్లండి, రద్దీ తక్కువగా ఉంటుంది.