మునిగిన మామిడి చెక్క

ఆ రోజు దేవ్‌సింగ్ వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. ఆరున్నరకు ఖమ్మంలో బస్సెక్కాలి. పదింటికల్లా భద్రాచలంలో దిగాలి. పన్నెండు కొట్టేలోపు హస్తకళల ఎంపికలో ఆఫీసరు భార్గవి మేడం ముందు తన కత్తి పెట్టాలి. ఆమె తలూపితే హైదరాబాదు ప్రదర్శనలో స్టాలు దొరుకుతుంది. తలూపకపోతే వరుసగా మూడో ఏడు కూడా ఉత్త చేతులతో ఖమ్మం శివారు ఖానాపురం హవేలిలోని ఇంటికి తిరిగి రావాలి. నాలుగోసారి పోయే ముఖం తనకు లేదని, ఈసారి కాకపోతే సానరాయి అమ్మేస్తానని భార్య పుష్పకు ముందే చెప్పేశాడు.

"అమ్ముడు సంగతి తర్వాత చూద్దాం. ముందు జల్దీ తానం చెయ్" అంది పుష్ప.

దేవ్‌సింగ్‌కు బతుకుదెరువు మోటారు రీవైండింగ్ షాపులో, ప్రాణం మాత్రం కత్తుల మీద. పాత లారీ కమాను పట్టీలను సానబట్టి వంటకత్తులు చేస్తాడు. వాటి పదునుకు వంక పెట్టినవాడు లేడు. తంటా అంతా పిడితోనే. మొదటి ఏడు టేకు పిడి వేస్తే ఎండకు నెర్రె విచ్చింది. రెండో ఏడు నల్లమద్ది వేశాడు. భార్గవి మేడం కత్తిని వేడినీళ్లలో ముంచి లాగితే పిడి ఆమె చేతిలోకి వచ్చేసింది, కత్తి గిన్నెలో ఉండిపోయింది. ఆమె పిడిని మర్యాదగా అతని చేతికి అందించింది. ఆ మర్యాద అతన్ని ఏడాది పొడుగునా కాల్చుకు తింది.

అందుకే ఈసారి చెక్కను ఎంచడానికి ఆరు నెలలు తీసుకున్నాడు. సలహాలకేం కొదవ? షాపు యజమాని జిట్రేగి అన్నాడు, బావమరిది కోటేష్ చింత చేవ అన్నాడు. దేవ్‌సింగ్ అందరి మాటా విని, జూలూరుపాడు దగ్గర తాండాలో తల్లి చాంది చేను గట్టున కూలితే ఆమె కొట్టించి పడేసిన మామిడి మొద్దు తెచ్చుకున్నాడు. పుచ్చిన మొద్దు అది. లోపలంతా బూజు పాకి, కాటుకతో గీసినట్టు సన్నటి నల్లగీతలు తేలాయి.

"పొయ్యిల బెడితే గూడ మండదురా అది" అంది చాంది.

కానీ మోటారు చుట్టలకు రోజూ రెజిన్ జిగురు తాగించేవాడి బుర్ర వేరే దారిలో పోయింది. ముక్కలను షాపు ఓవెన్‌లో ఎండబెట్టి, రెజిన్ పోసిన డబ్బాలో ముంచి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో డబ్బాలోని గాలి లాగేశాడు. చెక్కలో దాగిన గాలి బుడగలు బుడగలుగా బయటికొచ్చింది. అది ఖాళీ చేసిన చోటల్లా రెజిన్ దిగింది. మళ్లీ ఓవెన్‌లో పెట్టి తీస్తే, గోటితో గీరితే రాలిన చెక్క రాయిలా మోగింది. రెజిన్‌లో కలిపే రంగు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. అతను నీలం అన్నాడు, పుష్ప ఎరుపు అంది. సంసారాల్లో ఇలాంటి పేచీలు ఎలా తేలతాయో ఇదీ అలాగే తేలింది. పిడి ఎర్రగా నిగనిగలాడింది.

కత్తితో పాటు మేడంకు తేడా చూపడానికి రెండు ముక్కలు సంచిలో పెట్టుకున్నాడు. రెండూ ఒకే చెక్కను మధ్యకు కోసినవే. ఒకటి రెజిన్ తాగిన ఎర్రముక్క, రెండోది ఏమీ తాగని పుచ్చుముక్క.

పాల్వంచ దాటాక, దేవ్‌సింగ్, పుష్ప ఎక్కిన బస్సు అడవి చెక్‌పోస్టు దగ్గర ఆగింది. అక్కడి గార్డు ఓబులేసు కడప నుంచి బదిలీ మీద వచ్చి నెల అయింది. పన్నెండేళ్లు ఎర్రచందనం దొంగలను పట్టిన మనిషి. ఈ అడవిలో ఒక్క ఎర్రముక్క కూడా కంటపడక బెంగపెట్టుకుని ఉన్నాడు. ఇద్దరినీ దించి చెక్‌పోస్టు గదిలో సంచి విప్పగానే అతని బెంగ తీరింది.

"ఏందప్పా ఇది?"

"మామిడి చెక్క సార్."

"మామిడి ఇంత ఎర్రగా ఉంటాదా? నాకే చెప్తాండావా?"

పుచ్చుముక్కను "ఇదెందుకు, చెత్త" అని కిటికీలోంచి బయటికి గిరాటేశాడు. ఎర్రముక్కను, కత్తిని బకెట్ నీళ్లలో వేశాడు. ముక్క బుడుంగున మునిగింది. మామూలు చెక్క తేలుతుంది, ఎర్రచందనం మునుగుతుంది. ఓబులేసుకు వచ్చిన శాస్త్రం అంతవరకే.

"మిగతా సరుకు యాడుంది?"

నిజం చెబితే గండం గట్టెక్కుతుందని నమ్మే మనిషి దేవ్‌సింగ్. "ఇది శాంపిలే సార్. ఓకే అయితే ఇంకో నలభై చేసి హైదరాబాద్ పంపుత."

"మాను కొట్టిందెవురు?"

"మా అమ్మ కొట్టిచ్చింది సార్, జూలూరుపాడు కాడ."

"ఓకే చెప్పేదెవురు?"

"భార్గవి మేడం. అంత ఆమె చేతులనే ఉన్నది."

పుష్ప మోచేత్తో పొడిచింది గానీ ఆలస్యమైంది. ఓబులేసు ముఖం వెలిగిపోయింది. తల్లి కొట్టిస్తుంది, కొడుకు మోస్తాడు, పైన ఒక మేడం నడిపిస్తుంది. కడపలో కూడా ఇంత పద్ధతిగల ముఠా తగల్లేదు. రేంజరుకు ఫోన్ చేసి, శాంపిల్ దొరికిందని, వెనకాల నలభై ఉన్నాయని చెప్పాడు. నలభై ఏమిటో చెప్పలేదు. రేంజరు రాంబాబు నలభై దుంగలనుకుని లారీ వెతకడానికి పోయాడు. అవతల బస్సు హారన్ కొట్టి, వీళ్లిద్దరినీ వదిలేసి వెళ్లిపోయింది.

పావు తక్కువ పదకొండుకు ఒక జీపు వచ్చింది. ఎంపికకు వెళుతున్న భార్గవి మేడం అందులో ఉంది. జీపుకు ప్రభుత్వ బోర్డు ఉండటం ఓబులేసుకు మరీ నచ్చింది. ముఠా అంటే ఈ మాత్రం తెగింపు ఉండాలి.

"మీ పేరేంది మ్యాడమ్?"

"భార్గవి. భద్రాచలం వెళ్లాలి. చెక్కపని చూసేది ఉంది, త్వరగా వదలండి."

"ఇంగ వదిలేదేముండాది. దిగండి."

దిగిన మేడంను చూసి దేవ్‌సింగ్ పుష్ప వెనక్కి జరిగాడు. స్టాలు ఇచ్చే చేతినే చెక్‌పోస్టులో పట్టించిన మొనగాడు జిల్లాలో తనొక్కడే. ఆమె అతని వంక తేరిపార చూసి, "మీరు ఆ పిడి ఆయన కదూ?" అంది. అతనికి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"మేడం, ఈయన మంచోడే. ఒకటి అడిగితే ఎక్కువ చెప్తడు, గంతే" అంది పుష్ప.

గంట గడిచాక రాంబాబు వచ్చాడు, వెనక ఖాళీ లారీతో. "లోడేది?" అన్నాడు. ఓబులేసు బకెట్ చూపించాడు. అందులోకి తొంగిచూసిన రాంబాబుకు, లారీ కిరాయి సంగతి పైవాళ్లకు ఎలా చెప్పాలో తోచలేదు. ఏదో ఒకటి తేల్చకుండా తిరిగి పోలేడు.

"చందనమైతే వేడినీళ్లకు రంగు దిగాలె. ఉడకబెట్టుండ్రి" అన్నాడు.

చెక్‌పోస్టు పక్కనే భీమక్క టీ గుడిసె. ఆమె గిన్నెలో కత్తి, ముక్క అరగంట సలసల కాగాయి. నీళ్లకు చుక్క రంగు దిగలేదు. "కొడితే పెచ్చు లేస్తాది సార్" అని ఓబులేసు ముక్కను, పిడిని బండమీద పెట్టి రాయితో నాలుగు దెబ్బలేశాడు. రాయి పెచ్చు లేచింది. "ఇంకోసారి ఉడకబెట్టు" అన్నాడు రాంబాబు. అప్పటికి పన్నెండు దాటింది. దేవ్‌సింగ్ గడియారం చూసుకోవడం మానేశాడు.

మంట తగ్గిందని భీమక్క పొద్దున కిటికీ కింద ఏరుకున్న ముక్కను పొయ్యిలో పెట్టబోయింది. పెట్టబోయి, దాన్నీ గిన్నెలోని ముక్కనూ మార్చి మార్చి చూసింది.

"సారూ, గిది జూడుండ్రి. రెండిట్ల ఒక్కటే గీతలు" అంది.

దేవ్‌సింగ్ గిన్నె మీదికి ఉరికినంత పని చేశాడు. రెండు ముక్కలనూ ఆనించి పెడితే నల్లగీతలు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి ఎక్కడా తెగకుండా సాగిపోయాయి.

"పుచ్చిన మామిడే ఇది. చేవ కట్టెకు బూజు గిట్ల పాకదు. నేను పుట్టినకాడి నుంచి కట్టెలే ఏరుతున్న" అంది భీమక్క. పుచ్చుముక్కను బకెట్లో వేస్తే హాయిగా తేలింది.

"మరి ఇదెందుకు మునిగింది?" అన్నాడు ఓబులేసు, తన శాస్త్రం కళ్లముందే కూలిపోతుంటే.

పొద్దుటి నుంచి ఎవరూ అడగని ప్రశ్న అది. దేవ్‌సింగ్ అందుకున్నాడు. గాలి ఎట్ల లాగిననో, రెజిన్ ఎట్ల దిగిందో, మంచి కట్టె గట్టిగా ఉండి రెజిన్ తాగదని, పుచ్చిందైతేనే కడుపు నిండా తాగుతదని, అందుకే అందరూ పారేసే కట్టెనే ఏరి తెచ్చుకున్ననని ఏకబిగిన చెప్పాడు. లారీ డ్రైవరు కూడా దిగొచ్చి విన్నాడు.

భార్గవి మేడం లేచింది. కాగుతున్న గిన్నెలోంచి పట్టకారుతో కత్తిని తీయించి, చల్లారనిచ్చి, మొద్దువైపు గుడ్డతో పట్టుకోమని లారీ డ్రైవరుకిచ్చి, పిడిని రెండు చేతులా పట్టి బలంగా లాగింది. మెలితిప్పి లాగింది.

"గంటకు పైగా బకెట్లో ఉంది. అరగంట ఉడికింది. నాలుగు రాళ్ల దెబ్బలు తింది" అందామె. "మా పరీక్షలో రెండు నిమిషాలు వేడినీళ్లు, అంతే. క్షమించాలి దేవ్‌సింగ్ గారూ, ఈసారి పిడి మీ చేతికివ్వలేను. రావడం లేదు."

ఆమె కాగితం కావాలంటే రాంబాబు తన పుస్తకంలోంచి ఒకటి చింపిచ్చాడు. దానిమీదే ఆమె 'ఎంపికైనది' అని రాసి సంతకం పెట్టింది. సాక్షి సంతకం ఓబులేసు పెట్టాడు. దేవ్‌సింగ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. గారూ అని అతన్ని పిలిచిన మొదటి ఆఫీసరు ఆమే. ఉత్తగా తిరిగిపోవడం ఇష్టంలేని లారీ భార్యాభర్తలిద్దరినీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఖమ్మం దాకా తెచ్చి దింపింది.

నెల తర్వాత హైదరాబాదు ప్రదర్శనలో నలభై కత్తులూ రెండో రోజుకే అయిపోయాయి. స్టాలు బోర్డు మీది మాటలు పుష్ప దగ్గరుండి రాయించింది: 'చెక్‌పోస్టులో పట్టుబడి, ఉడికించి, రాళ్లతో కొట్టి, చేసేది లేక వదిలేసిన రకం.'